టీసీ తీసుకెళ్లమన్నారా? దుడుకు పిల్లలకు ఏ బడి సరిపోతుందో చూసుకునే పద్ధతి

ప్రిన్సిపల్ గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చాలా మెత్తగా చెబుతారు. "మీ వాడు తెలివైనవాడేనండీ. మా స్కూలుకి సెట్ కావట్లేదు, అంతే. మిగతా పేరెంట్స్ కంప్లైంట్ చేస్తున్నారు. టీసీ తీసుకెళితే అందరికీ మంచిది." తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. తండ్రి తలెత్తడు. 'మా అబ్బాయికి టీసీ ఇప్పించగలరు' అని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి బయటికొస్తారు. ఇంటికెళ్లే దారిలో మొదలవుతుంది అసలు బెంగ: ఇప్పుడు వీణ్ని ఎక్కడ వేయాలి?

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆ కాగితాలు పట్టుకుని ఆగస్టులోనో, దసరా సెలవుల తర్వాతో మా బడి గుమ్మం ఎక్కే అమ్మానాన్నల్ని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. కొట్టేవాళ్లు, కరిచేవాళ్లు, బూతులు తిట్టేవాళ్లు, గోడదూకి పారిపోయేవాళ్లు, నెలల తరబడి నోరు విప్పనివాళ్లు, అందరూ వచ్చారు. కొందరికి మా బడి సరిపోయింది. కొందరికి సరిపోలేదు, ఆ మాట దాచను. ఎవరికి ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

సంతకానికి ముందు

2009 నాటి విద్యాహక్కు చట్టంలో 16వ సెక్షన్ ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదని అది చెబుతుంది. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు 2019 సవరణతో వచ్చింది గానీ, తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం, మానసికంగా వేధించడం నేరుగా నిషేధం.

అందుకే ఏ బడీ 'తీసేశాం' అని రాసివ్వదు. మీ చేత 'మేమే అడుగుతున్నాం' అని రాయించుకుంటుంది. ఆ కాగితం రాయకండి. "మీరు చెప్పేది రాతపూర్వకంగా ఇవ్వండి, ఇంట్లో మాట్లాడుకుని వస్తాం" అనండి. ఇంతే చాలు, గొడవ అక్కర్లేదు.

ఇక్కడ టీచర్‌గా ఒక మాట. చట్టం చూపించి బలవంతంగా అదే క్లాసులో కూర్చోబెడితే, ఆ పిల్లవాణ్ని చూస్తేనే మొహం చిట్లించే టీచరు ముందు రోజుకి ఆరేడు గంటలు వాడే కూర్చోవాలి. కాబట్టి చట్టాన్ని ఒకటి రెండు నెలల టైం సంపాదించుకోవడానికి వాడుకోండి. ఆ టైములో కారణం వెతకండి, ఇంకో చోటు చూడండి. కొత్త బడిలో సీటు ఖాయమైందని తేలాకే టీసీ తీసుకోండి. తీసుకునేటప్పుడు 'ప్రవర్తన' అన్న గడిలో ఏం రాశారో అక్కడే నిలబడి చదవండి. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పిల్లల పేరు మీదుండే పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య) రాసి పెట్టుకోండి. పాత బడి టీసీ ఇవ్వడానికి తిప్పుకుంటున్నా, ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు చేర్చుకోకుండా ఉండకూడదు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 16వ సెక్షన్ రక్షణ లేదు. అక్కడ బతిమాలుకోవడమో, మధ్యలో ఎవరైనా పెద్దమనిషిని పెట్టుకోవడమో చేసి ఆ ఏడాది పరీక్షల దాకా లాక్కురావడమే మేలు.

బడి మార్చే ముందు ఒక నోటుబుక్కు

ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. దాదాపు రోజూ ఆరో పీరియడ్లో ఎవరినో ఒకణ్ని కొట్టేవాడు. అది నా పీరియడే. బయట నిలబెట్టేదాన్ని. తర్వాత రోజు మళ్లీ అదే. హాస్టల్లో వేసేస్తామని వాళ్ల నాన్న ఫారం కూడా తెచ్చేశాడు. ఒక వారం ఇంకో టీచరుకి పాఠం అప్పజెప్పి, వెనక బెంచీలో నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. వాచకం వరుసగా చదివిస్తారు కదా, ఒక్కొక్కళ్లు ఒక్కో పేరా. ఆ అబ్బాయి పాఠం వినడం లేదు, తలలు లెక్కపెడుతున్నాడు. తన వంతుకు ఇంకా ముగ్గురున్నారనగా పక్కవాడి పెన్ను లాగాడు. ఇద్దరున్నారనగా భుజంతో తోశాడు. ఒక్కడున్నాడనగా వీపు మీద ఒక్కటి చరిచాడు. బయటికి పంపారు. వరండాలో నిలబడ్డప్పుడు వాడి మొహం చూశాను. హమ్మయ్య అన్నట్టుంది.

వాడికి చదవడం రాదు. ఏడేళ్లుగా ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు. నేను రోజూ బయటికి పంపుతూ, వాడు కోరుకున్నదే వాడికి ఇస్తున్నాను.

అందుకని ఏ బడి అని అడిగే ముందు రెండు వారాలు రాయండి. గొడవ ఏ టైముకి మొదలైంది, దానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, గొడవ తర్వాత వాడికి ఏం దక్కింది. ఇంట్లో మీరూ రాయండి, క్లాస్ టీచర్నీ రాయమని అడగండి. కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చెవి సరిగా వినపడని పిల్లల్ని 'మాట వినడు' అని కొట్టడం నేను కళ్లారా చూశాను. చదువులో వెనకబాటు, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), ఆటిజం లాంటివి అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల్లో ఇలాంటి ఇబ్బందుల్ని ముందే గుర్తించే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. పిల్లల డాక్టరునో, మానసిక వైద్యుణ్నో కలవండి. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలల్లో ఓపీ ఉంటుంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

నిన్నటిదాకా బాగున్న పిల్లలు ఉన్నట్టుండి మారిపోతే ఇంకో రకంగా ఆలోచించాలి. ఎవరైనా వాళ్లని బాధపెడుతున్నారా? బడిలోనా, ట్యూషన్లోనా, చుట్టాల్లోనా? ఇంట్లో రాత్రిపూట గొడవలున్నాయా? అలాంటప్పుడు బడి మార్చడం తర్వాతి మాట. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు.

ఉన్న బడిలోనే ఉంచడం

అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువమంది ప్రయత్నించే దారి ఇదే. కారణం తెలిశాక హెచ్చెమ్ దగ్గరికెళ్లి 'కొంచెం చూసుకోండి' అంటే ఎవరూ ఏమీ చూసుకోరు. కచ్చితంగా అడగాలి: సెక్షన్ మార్చండి; వరుసలో పైకి చదివించొద్దు; కోపం వస్తున్నట్టు అనిపిస్తే చెయ్యెత్తి ఐదు నిమిషాలు బయటికెళ్లి నీళ్లు తాగి రానివ్వండి; ఏ ఇబ్బంది వచ్చినా వెళ్లి చెప్పుకోవడానికి ఒక టీచర్ని కేటాయించండి; రెండు వారాలు మధ్యాహ్నం దాకానే పంపుతాం. సెక్షన్ మార్పుతోనే సర్దుకున్న పిల్లలు నాకు బోలెడుమంది తెలుసు. బడి మారితే స్నేహితులూ, దారీ, వ్యానూ, యూనిఫాం అన్నీ మారతాయి. సెక్షన్ మారితే ఒక్క గది మారుతుంది.

పనికిరానిది ఎప్పుడంటే, బడి అంతా ఆ పిల్లవాడికి ఒక పేరు పెట్టేశాక. ఎక్కడ ఏది విరిగినా వాడి పేరే పిలుస్తుంటే, వాడు మారినా ఎవరికీ కనపడదు. అప్పుడు చోటు మార్చాల్సిందే.

ఇంకో ప్రైవేటు బడి

చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. 'స్ట్రిక్టుగా ఉంటారట' అని విని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టడీ అవర్లు పెట్టే చోట వేస్తారు. కుదురుగా కూర్చోలేడని ఒక బడి వద్దన్న పిల్లవాణ్ని, ఇంకా ఎక్కువసేపు కూర్చోబెట్టే బడికి పంపుతున్నాం. మూడో నెలలో మళ్లీ పిలుస్తారు.

వెళ్లి చూసేటప్పుడు గ్రౌండు ఉందా, క్లాసులో ఎంతమంది, ఆటల పీరియడ్ నిజంగా జరుగుతుందా చూడండి. 'గొడవ చేసిన పిల్లల్ని మీరేం చేస్తారు?' అని సూటిగా అడగండి. 'మేం దారిలో పెడతాం, మీరు మర్చిపోండి' అన్న బడి వద్దు. 'పోయినేడు ఇలాంటి అబ్బాయి ఒకడుండేవాడు, ఇలా చేశాం' అని చెప్పగలిగితే ఆలోచించొచ్చు. ఉన్న సంగతి దాచి చేర్చకండి, వారంలో తెలిసిపోతుంది, ఆ పైన మీ మాటకు విలువ ఉండదు. ఏడాది ఫీజంతా ఒకేసారి కట్టకండి.

ప్రభుత్వ బడి

నా బడి గురించి నేనే చెప్పుకోవడం కాబట్టి ముందు లోపాలు చెబుతాను. చాలాచోట్ల కౌన్సిలర్ ఉండరు. కొన్ని సబ్జెక్టులకు టీచర్ ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పట్టణాల్లో కొన్ని హైస్కూళ్లు కిక్కిరిసి ఉంటాయి. పిల్లవాడు ఇంగ్లీషులో ముందుండి ఇక్కడికొస్తే కొన్నాళ్లు విసుగెత్తిపోతాడు.

ఇక మంచి. 'చేర్చుకోం' అని చెప్పే హక్కు మాకు లేదు. ఏడాది మధ్యలోనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుంటాం, వెనకబడినవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠం చెప్పడంలో శిక్షణ పొందిన ఐఈఆర్పీలు అక్కడ ఉంటారు. ఎంఈఓ ఆఫీసులో అడిగితే మీ మండలం కేంద్రం ఎక్కడుందో చెబుతారు. సగంరోజు బడి, వారంలో కొన్ని రోజులు భవిత, ఇలా కలిపి నడిపిన పిల్లలు మా దగ్గర ఉన్నారు. చిన్న ఊళ్ల ప్రాథమిక బడుల్లో క్లాసుకి పదిహేను ఇరవై మందే ఉండే చోట్లు చాలా ఉన్నాయి. దుడుకు పిల్లవాడికి అంతకంటే కావలసిందేముంది?

'సర్కారు బడిలో వేస్తే నలుగురూ ఏమనుకుంటారో' అన్న మాట ఒక్కటి పక్కన పెట్టగలిగితే, బడి మార్చక తప్పనప్పుడు పదకొండేళ్ల లోపు పిల్లలకు నేను మొదట చూడమనేది ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న ప్రభుత్వ బడినే. తీసుకోబోయే టీచర్ని ముందే ఒకసారి కలవండి. బోర్డు పేరు చూసి కాదు, ఆ మనిషిని చూసి నిర్ణయించుకోండి.

హాస్టల్

'హాస్టల్లో వేస్తే దారికొస్తాడు.' మన ఊళ్లలో ఈ మాట అననివాళ్లు లేరు. నాకు ఈ మాటంటే భయం.

మా బడి నుంచే ఒకణ్ని అలా పంపారు, ఎనిమిదో తరగతిలో. మూడు వారాలకు వాపస్ తెచ్చుకున్నారు. వాడు అక్కడ ఎవరినీ కొట్టలేదట. రోజూ సాయంత్రం బట్టలన్నీ మడిచి ట్రంకుపెట్టెలో సర్దుకుని, తాళం వేసి, స్టడీ అవర్ బెల్లు కొట్టినా లేవకుండా దాని మీద కూర్చునేవాడట. రాత్రి లేపి పడుకోబెట్టేవాళ్లు. మర్నాడు సాయంత్రం మళ్లీ సర్దుకునేవాడు. ఆ సంగతి వార్డెన్ చెబుతుంటే వాళ్లమ్మ ట్రంకుపెట్టె హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కోపం, భయం, చదువు రాకపోవడం లాంటి కారణాలున్న పిల్లవాణ్ని ఇంటికి దూరం చేస్తే కారణం పోదు, చెప్పుకునే మనిషి పోతుంది. హాస్టళ్లలో వార్డెన్ ఒకరో ఇద్దరో ఉంటారు. రాత్రి పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు పెద్దదిక్కు. దుడుకుగా ఉన్నవాడు అక్కడ కొట్టేవాడన్నా అవుతాడు, దెబ్బలు తినేవాడన్నా అవుతాడు.

అయినా హాస్టలే నయమయ్యే పరిస్థితులున్నాయి. ఇంట్లోనే ప్రమాదం ఉంటే, అంటే తాగుడు, కొట్లాట, చిన్న వయసులో పెళ్లి చేసేస్తారన్న భయం, అప్పుడు దూరమే రక్షణ. బడి మానేసిన ఆడపిల్లల కోసమే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి, 2004లో మొదలైన పథకం అది, ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు. అక్కడికెళ్లి నిలదొక్కుకున్న అమ్మాయిల్ని నేను చూశాను. సంక్షేమ గురుకులాలకు మాత్రం మామూలుగా ఐదో తరగతిలో ప్రవేశ పరీక్షతోనే దారి. మధ్యలో సీటు దొరకడం కష్టం.

పంపక తప్పదంటే ఇవి కనుక్కోండి: రాత్రి పిల్లల గదుల దగ్గర ఏ పెద్దవాళ్లు పడుకుంటారు, వారంలో ఎన్నిసార్లు ఫోన్ మాట్లాడనిస్తారు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు ఆసుపత్రికి తీసుకెళతారు, అబ్బాయి ఏదైనా మందు వాడుతుంటే ఎవరు వేస్తారు.

ప్రత్యేక బడి, థెరపీ సెంటరు

ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు శిక్షణ పొందిన టీచర్లున్న బడి చాలా తేడా చూపిస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీ కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984లో పెట్టారు. అక్కడ పరీక్షలు చేసి, పిల్లలకు ఏం కావాలో చెబుతారు. ఎంత దూరమైనా ఒక్కసారి వెళ్లి రాయించుకున్న రిపోర్టు తర్వాత అన్ని చోట్లా పనికొస్తుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, మేధో వైకల్యం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బంది, మానసిక అనారోగ్యం అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు, కాబట్టి దానితో పాటు చదువులో ఇబ్బంది ఉంటే అదీ పరీక్ష చేయించండి. 40 శాతం, అంతకు పైన అని సర్టిఫికెట్ వస్తే 18 ఏళ్ల దాకా దగ్గరలోని ప్రభుత్వ బడిలో గానీ, నచ్చిన ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాయడానికి సహాయకుడు లాంటివి అడగొచ్చు.

కేవలం కోపం ఎక్కువని, తెలివితేటలు మామూలుగా ఉన్న పిల్లవాణ్ని పూర్తిగా ప్రత్యేక బడిలో వేయకండి. 'ఆరు నెలలు ఇక్కడే వదిలేయండి, నార్మల్ చేసి పంపుతాం' అనే థెరపీ హాస్టళ్లకు అసలు వెళ్లకండి. పిల్లల దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు రానివ్వని చోటు ఏదైనా సరే, వద్దు.

ఓపెన్ టెన్త్

పద్నాలుగేళ్లు నిండితే ఇది గట్టి దారి. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూలు ఎన్ఐఓఎస్‌లో తెలుగు మీడియం కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో టెన్త్‌కి ఐదు సబ్జెక్టులు చాలు, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే. ఒక్కసారి కూర్చుని ఆరు పేపర్లు రాయలేని పిల్లవాడికి, ఈసారి రెండు, వచ్చేసారి రెండు అనడం ఎంత ఊరటో చూసినవాళ్లకు తెలుస్తుంది.

దీని ప్రమాదం పరీక్షల్లో లేదు, ఇంట్లో ఉంది. బడి లేదు కదా అని మంచం, ఫోను, అర్ధరాత్రి దాకా గేములు. నాకు తెలిసి ఇద్దరు అలాగే రెండేళ్లు పోగొట్టుకున్నారు. పొద్దున లేచి బట్టలు మార్చుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్లే ఏర్పాటుంటేనే ఓపెన్ స్కూలు కట్టండి: స్టడీ సెంటరు, ట్యూషను, లైబ్రరీ, కబడ్డీ కోచింగు, ఏదైనా సరే. 'డబ్బిస్తే పాస్ గ్యారంటీ' అనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల్ని 'ఎలాగూ ఓపెన్లో కడదాం లే' అని ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం చేయకండి. మూడేళ్లు తోటిపిల్లలు లేకుండా పెరిగినవాడికి మళ్లీ నలుగురిలో కూర్చోవడం చాలా కష్టం.

చేతిపని

పద్నాలుగు దాటాక ఐటీఐ ఉంది. వెల్డర్, వైర్‌మ్యాన్ లాంటి ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు. చేతులతో పని దొరకగానే కుదుటపడ్డ కుర్రాళ్లున్నారు. అంతకంటే ముందే 'మెకానిక్ షెడ్‌లో పడేస్తా' అనడం వేరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం, పద్దెనిమిది లోపు ప్రమాదకరమైన పనుల్లో పెట్టడమూ నేరమే. మంచి ఉద్దేశంతో చేసినా పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, నన్ను వదిలించుకున్నారని.

ఏది ముందు, ఏది తర్వాత

నన్నడిగితే పదకొండేళ్ల లోపు పిల్లలకు ముందు సెక్షన్ మార్పు, కాకపోతే దగ్గరలోని చిన్న బడి. పదకొండు నుంచి పదమూడు చాలా సున్నితమైన వయసు. అప్పుడు పరీక్షలు చేయించకుండా బడి మార్చొద్దు. ప్రభుత్వ బడి, భవిత కలిపి చూడండి. పద్నాలుగు తర్వాత పిల్లల్నే కూర్చోబెట్టి అడగాలి. వాడు ఒప్పుకోని చోట ఎంత మంచి సీటు దొరికినా నిలవదు. ఇంట్లో భద్రత లేకపోతే ఏ వయసుకైనా ఈ వరస తలకిందులవుతుంది.

కొత్త బడికి ఒక కాగితం

నోటుబుక్కు అబ్బాయిని హాస్టల్‌కి పంపలేదు. వాళ్ల నాన్న ఫారం చించేశాడు. మా బడిలోనే సెక్షన్ మార్చాం. రోజూ లంచ్‌లో పావుగంట గుణింతాల నుంచి మొదలుపెట్టాం. ఐదు నెలలకు వాడు పేరా చదవగలిగాడు, ముందురోజు చెప్పి పంపితే. అంతలో వాళ్లు పని కోసం వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. టీసీతో పాటు కొత్త బడి తెలుగు టీచరుకి ఒక పేజీ రాసిచ్చాను. పిల్లవాడిలో మంచి ముందు రాయాలి, అది రాశాను: లెక్కలు నోటితో వేస్తాడు, చిన్న పిల్లల్ని రోడ్డు దాటిస్తాడు. ఏది చేస్తే కోపం వస్తుందో, ఏది చేస్తే తగ్గుతుందో రాశాను. చివర్న రాసింది ఇది: 'వరుసలో చదివించకండి. రేపు ఏ పేరా చదవాలో ఇవాళే చెప్పండి, చదివొస్తాడు.' నా నంబరు కూడా కింద రాశాను.

రెండో వారంలో ఆవిడ ఫోన్ చేసింది. వాడేదో చేశాడనుకుని గుండె దడదడలాడింది.

"మేడం, ఎన్ని లైన్లు ఇవ్వమంటారు? నిన్న నాలుగిచ్చాను. ఇంకో రెండు కావాలంటున్నాడు."